గోడ తట్టు తిప్పిన మంచం

ఇంగ్లీషు ఎమ్మే క్లాసులో ఒక మాట దగ్గర నేను ప్రతి ఏడూ చతికిలబడతాను. మ్యాన్లీనెస్. విక్టోరియా రాణి కాలపు నవలలు చెప్పేటప్పుడు ఆ మాటను తప్పించుకుపోవడానికి దారి లేదు. పేజీ తిప్పితే అదే. మంచివాడంటే మ్యాన్లీ, సిపాయి అంటే మ్యాన్లీ, చివరికి మనిషి నడిచే నడక కూడా ఆ రచయితలకు మ్యాన్లీగానో, కాకుండానో కనిపించేది.

నా దగ్గరికి వచ్చే పిల్లలు తిరుపతి చుట్టుపక్కల పల్లెల వాళ్లు. పుత్తూరు, చిత్తూరు, నాయుడుపేట వైపు నుంచి బస్సుల్లో నిలబడి వస్తారు. ఇంగ్లీషులో చెబితే తలలూపుతారు, తెలుగులో చెబితే గానీ పట్టుబడదు. అందుకని ఒక ఏడు ధైర్యం చేసి "మగతనం" అన్నాను. వెనక బెంచీలు కిసుక్కుమన్నాయి. బస్టాండు గోడల మీద పోస్టర్లు అంటించే డాక్టర్లు ఆ మాటను ఎందుకూ పనికిరాకుండా చేసి పెట్టారు మరి. సరే, "పౌరుషం" అన్నాను. మా సీమలో పౌరుషం అంటే మాట పడకపోవడం, పడాల్సి వస్తే ఊరుకోకపోవడం. ఒక అబ్బాయి లేచి, "అంటే మేడమ్, ఆ నవలలో ఆయన ఎవుర్ని నరికినాడు?" అని అడిగాడు. "నీ మొహం! ఎవర్నీ నరకలేదు, జ్వరమొచ్చినవాడికి గంజి తాగించాడు" అన్నాను. వాడు నమ్మలేదు.

నిజానికి ఆ కథల్లో నాకు నచ్చేది ఆ గంజే. ఆ పంతొమ్మిదో శతాబ్దం నడిమి రోజుల్లో రాసిన నవలల్లో సిపాయి ఏడిస్తే తప్పు కాదు. యుద్ధం నుంచి తిరిగొచ్చినవాడు దిక్కులేని పిల్లను చంకనేసుకుంటాడు, తోటివాడికి సేవ చేస్తాడు, సూదీ దారం పట్టుకుని చిరుగులు కుట్టుకుంటాడు. అవన్నీ చేసినందుకే అతను మగవాడు అని రాసినవాళ్లు నమ్మారు. శతాబ్దం చివరికొచ్చేసరికి గాలి మారింది. మగపిల్లవాడు హాస్టలు బడికి పోవాలి, దెబ్బ తగిలితే పెదవి కొరుక్కోవాలి, తండ్రి ఇండియాకు ఓడ ఎక్కుతుంటే చెయ్యి కలిపి వెనక్కి తిరగాలి. ఇండియా అంటే ఎవరనుకున్నారు, మనమే. ఆ నవలల్లో మనమెప్పుడూ తెర వెనక ఉంటాం. తండ్రులు మన దగ్గరికి వచ్చి మాయమవుతారు, మన ఎండకు నల్లబడి ఎన్నో ఏళ్లకు ఇల్లు చేరతారు. అప్పటికి వాళ్ల పిల్లలు వాళ్లను గుర్తుపట్టరు.

ఇదంతా చెప్పాక ఒకసారి ముందు బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, మీ నాయన గూడా మిలిట్రీ అంట గదా. ఆయన ఏ టైపు మేడమ్? గంజి తాపిచ్చే టైపా, పెదివి కొరుక్కునే టైపా?"

క్లాసంతా గొల్లుమంది. నేను తడుముకోలేదు. "రెండో టైపు. ఇనపకడ్డీ" అన్నాను. నిరుడు ఎండాకాలం దాకా ఆ జవాబు మీద నాకు ఏ అనుమానమూ లేదు.

మా ఊరు వడమాలపేట దాటాక, పుత్తూరు రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది. మీసం సరిగ్గా మొలవకముందే నాయన సైన్యంలో చేరాడు, హవల్దారుగా రిటైరై వచ్చాడు. మా ఊళ్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, అందరికీ "మిలిట్రీ ఆయన". మా చిన్నప్పుడు ఏడాదికొకసారి, మామిడికాయలు దిగే రోజుల్లో సెలవు మీద వచ్చేవాడు. ఆయన ఉన్నన్నాళ్లూ వాకిట్లో చెప్పులు వరసగా ఉండాలి, గోళ్లు కత్తిరించి ఉండాలి, అన్నంలో కరివేపాకు పక్కకు నెట్టకూడదు. ఆయన ఎప్పుడొస్తాడా అని ఎదురుచూసినదాని కంటే ఎప్పుడు పోతాడా అని ఎదురుచూసిందే ఎక్కువ. నిజం చెప్పడానికి నాకేం భయం? ఆయన నన్ను ఎత్తుకున్నట్టు ఒక్క జ్ఞాపకం లేదు. తల మీద చెయ్యి వేసినట్టు కూడా లేదు. సెల్యూట్ కొట్టడం మాత్రం నేర్పాడు. మోచెయ్యి వంగితే మళ్లీ కొట్టమనేవాడు.

తమ్ముడు నాకంటే చాలా చిన్న. వాడు కూడా సైన్యానికే పోయాడు. నాయన వాణ్ని పొమ్మనలేదు, వద్దనలేదు. సెలెక్టయ్యానని వాడొచ్చి చెబితే, "బూట్లు కాలికి సరిపొయ్యేటివి అడిగి తీసుకో" అని మాత్రం అన్నాడు. అమ్మ ఆ రోజంతా వంటింట్లో గిన్నెల మీద కోపం చూపించింది.

నిరుడు మే నెలలో నాయన బాత్రూము గడప దగ్గర జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. తిరుపతిలో ఆపరేషన్ చేయించి, ప్లేటు వేయించి, ఇంటికి తెచ్చి హాల్లో మంచం మీద పడుకోబెట్టాం. మా ఇంట్లో ఉన్నదల్లా ఒక హాలు, ఒక గది, వంటిల్లు. వాకిట్లోకి పోవాలన్నా వంటింట్లోకి పోవాలన్నా ఆ హాలు దాటకుండా కుదరదు. కాలేజీకి సెలవులు కాబట్టి నేను బట్టలు సర్దుకుని అమ్మకు తోడుగా వచ్చేశాను. తమ్ముడికి సెలవు దొరికింది. "నాయన తుంటి పుణ్యమా అని బిడ్డను సూస్తాండానక్కా" అని దిగీ దిగగానే నవ్వాడు. అమ్మ వాడి నెత్తి మీద ఒక మొట్టికాయ వేసింది.

వాడి కూతురికి అప్పటికి ఏడాది దాటింది. పురిటిలో చూసి పోయినవాడు, మళ్లీ అదే చూడటం. మరదలు బిడ్డతో మా ఇంట్లోనే ఉంటుంది. రోజూ సాయంత్రం వీడియో కాల్ చేయించి, "నాన్న, నాన్న" అని చూపించేది. ఆ పిల్ల నేర్చిన మొదటి మాట "నానా". ఆ మాట నేర్చిందని వాడు అక్కడ తోటివాళ్లందరికీ స్వీట్లు పంచాడట.

అయితే అది నేర్చింది ఎవరిని చూసి? ఫోన్ని చూసి. దాని లెక్కలో నాన్న అంటే అరచెయ్యంత పలక, వెలుగుతుంది, మాట్లాడుతుంది, అప్పుడప్పుడూ కదలకుండా నిలిచిపోతుంది. ఎవరి ఫోన్ మోగినా "నానా!" అని దోగాడుకుంటూ పోయేది. నా ఫోను నానా, పాలాయన ఫోను నానా, ఒకరోజు టీవీ రిమోట్ కూడా నానాయే. మేం పడీ పడీ నవ్వుకున్నాం. తమ్ముడు వాకిట్లో బ్యాగు దించి చేతులు చాపేదాకా అందులో నవ్వడానికేమీ లేదని మాకు తోచలేదు.

దాని కేకకు పక్కింటివాళ్లు పరిగెత్తుకొచ్చారు. క్రాపు, మీసం, ఆ ఎత్తు, ఆ గొంతు, దేనికి భయపడిందో. మరదలు ఏం చేయాలో తోచక ఫోన్ చేతికిచ్చింది. పిల్ల ఎక్కిళ్లు పెడుతూనే తెర మీద ఉన్న వాడి ఫోటోకు ముద్దు పెట్టింది. "నానా" అంది. అసలువాడు రెండు గజాల దూరంలో చేతులు వేలాడేసుకుని నిలబడి ఉన్నాడు.

రెండు రోజులు చూసి వాడొక ఉపాయం పన్నాడు. మిద్దె మీదికి పోయి అక్కడి నుంచి వీడియో కాల్ చేశాడు. కింద హాల్లో పిల్ల ఫోన్ పట్టుకుని కిలకిలా నవ్వుతోంది. "ఏం ఖర్మరా ఇది! ఇంట్లో ఉండే బిడ్డకు మిద్ది మింద నించి ఫోనా!" అని అమ్మ తల కొట్టుకుంది. వాడు కాల్ ఆపకుండానే, ఫోన్‌లో మాట్లాడుతూనే, ఒక్కొక్క మెట్టూ దిగి హాల్లోకి వచ్చాడు. తెరలో ఉన్న ముఖమూ ఎదురుగా ఉన్న ముఖమూ ఒకటేనని దానికి తెలుస్తుందని వాడి ఆశ. పిల్ల ఫోన్ చూసింది, వాణ్ని చూసింది, మళ్లీ ఫోన్ చూసింది. ఫోన్‌ను రొమ్ముకు కరచుకుని మళ్లీ కేక పెట్టింది. నాయన మంచం మీద నుంచి ఇదంతా చూశాడు.

ఆ సాయంత్రం మిద్దె మెట్ల మీద కూర్చున్నప్పుడు తమ్ముడు అడక్కుండానే చెప్పాడు. "అక్కా, ఈ తూరి పొయ్యే సోట సిగ్నల్ ఉండదు. అంతా మంచే. నెలలు నెలలు ఫోన్ ఉండదు. ఫోన్ లేకపోతే దాని లెక్కలో నేను లేనట్టే గదా?"

"వచ్చినంక మళ్లా అలవాటయితుంది లేరా."

"వచ్చినంక సంగతి వచ్చినంక. పొయ్యేలోపల ఒకే ఒక తూరి, నేను మనిషినని దానికి తెలియాల. దాన్ని ఎత్తుకోవాల. అంతేనక్కా, ఇంకేం లేదు నాకు."

"ఎత్తుకో మరి! ఏడిస్తే ఏడ్సింది. ఎవురు పట్టుకున్నారు నీ సేతుల్ని?"

వాడు హాలు వైపు తల ఊపాడు. "నాయన ఉండాడు గదక్కా."

ఈ మాట బయటివాళ్లకు అర్థం కాదు. తిరుపతిలో నా పక్కింట్లో ఉండే కుర్రాళ్లు పిల్లల్ని రొమ్ముకు సంచిలో కట్టుకుని బజారుకు పోతారు. మా పల్లెలో మా నాయన వయసువాళ్ల ముందర అట్లా కుదరదు. కన్నతండ్రి ఎదుట మగవాడు తన బిడ్డను ఎత్తుకోడు, ముద్దాడడు, పేరు పెట్టి గట్టిగా పిలవను కూడా పిలవడు. పెద్దాయన కండ్ల ముందర "నా బిడ్డ, నా బిడ్డ" అని ఎగబడటం సిగ్గులేనితనం. ఇది ఎవరూ చెప్పి నేర్పరు, ఎవరూ అతిక్రమించరు. తాతకు మాత్రం ఏ హద్దూ లేదు. ఇనపకడ్డీ అని నేను చెప్పిన నాయన ఆ పిల్లను పొట్ట మీద కూర్చోబెట్టుకుని మీసం పీకించుకునేవాడు. "పీకు, పీకు, గట్టిగ పీకు" అని నవ్వేవాడు. ఎదురుగా గోడవార కూర్చుని తమ్ముడు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని చూస్తుండేవాడు.

నేను వంటింట్లో అమ్మ మీద ఎగిరాను. "ఏం పద్ధతే ఇది? పోయేవాడు సరిహద్దుకు పోతాంటే, ఎత్తుకుంటే వచ్చిన నష్టమేంది?"

"నా మింద అరుస్తే నేనేం సేసేది? మీ నాయన మాత్రం మీ తాత ముందర నీ తట్టు కన్నెత్తి సూసినాడా?" అని అమ్మ పులుసులో ఉప్పు వేసింది. అది రెండోసారి వేయడమని తినేటప్పుడు తెలిసింది.

వేరే రోజుల్లోనైతే దీనికి దారి ఉండేది. మగవాళ్లు తోటకు పోతారు, రచ్చబండకు పోతారు. ఆ సందు చూసుకుని పడుచువాళ్లు బిడ్డను ముద్దాడుకుంటారు. ఇప్పుడు నాయన ఎక్కడికి పోతాడు? కాలు కింద పెట్టకూడదని డాక్టర్ ఆన. ఇల్లంతా హాలే, హాలంతా నాయనే. పిల్లను బయటికి తీసుకుపోదామా అంటే, మరదలి చంక దిగి వాడి వైపు చూస్తేనే శోకాలు పెడుతుంది. మధ్యాహ్నం పూట నాయన కన్ను మూతపడ్డప్పుడు వాడు మెల్లగా పిల్ల దగ్గరికి జరిగేవాడు. నాయన దగ్గితే చటుక్కున వెనక్కి వచ్చి పేపరు పట్టుకునేవాడు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అదీ వాడి బతుకు. సెలవు కరిగిపోతోంది.

అప్పుడు ఒకరోజు పొద్దున నాయన నన్ను పిలిచాడు. "పాపా, ఈ మంచం గోడ తట్టు తిప్పండి."

ఆపరేషన్ అయిన పక్క మీద ఒత్తిగిలకూడదు, తిరిగితే రెండో పక్కకే తిరగాలి. కాబట్టి ఆయన ఎటు చూడాలనుకుంటే అటు మంచం తిరగాల్సిందే. "గోడలో ఏముండాది నాయనా సూసేదానికి?" అన్నాను.

"ఎలుతురు కండ్లలో కొడతా ఉండాది."

"కిటికీకి దుప్పటి కడతా."

"సెప్పిన పని సెయ్ మా."

నాకు ఒళ్లు మండింది. ముందురోజు తమ్ముడు మళ్లీ మిద్దె మీది నుంచి ఫోన్ చేసి పిల్లతో మాట్లాడాడు, పిట్టలా కూశాడు, మేకలా అరిచాడు. మగాడివై ఉండి ఆ వేషాలేంటని ఈయనకు మంట పుట్టి ముఖం తిప్పుకుంటున్నాడని అనుకున్నాను. అనుకుని ఊరుకునే నోరు కాదు నాది. "కొడుకు ఎదురుగా కూచుంటే మొగం తిప్పుకుంటావా? బిడ్డ కోసరం అల్లాడతా ఉండాడు వాడు. అదేమన్నా దొంగతనమా? నీకు బిడ్డలంటే ఏమన్నా తెలిస్తే గదా!" అన్నాను. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. నాయన నా వైపు చూసి కళ్లు మూసుకున్నాడు.

నేనూ తమ్ముడూ చెరొక పక్క పట్టుకుని మంచం తిప్పాం. తమ్ముడి ముఖం వాడిపోయింది. వాడూ నేననుకున్నదే అనుకున్నాడు. "నాయనకు నా మింద కోపమొచ్చినట్టుండాదక్కా" అన్నాడు. అప్పటి నుంచి రోజంతా నాయన వీపు మాత్రమే మాకు కనిపించేది. టీవీ పెట్టమంటే వద్దన్నాడు. పిల్లను పొట్ట మీద కూర్చోబెడితే, "అమ్మ దెగ్గిరికి పో" అని పంపేశాడు.

మధ్యాహ్నం ఎండ పేలిపోతోంది. రోడ్డు మీద మామిడికాయల లారీలు పోతున్న చప్పుడు తప్ప ఊళ్లో అలికిడి లేదు. పిల్ల ఫ్యాను కింద చాప మీద నిద్రపోయింది. తమ్ముడు కాసేపు పిల్లను చూశాడు, కాసేపు నాయన వీపును చూశాడు. ఆ వీపు కదల్లేదు. వాడు మెల్లగా చాప దగ్గరికి జరిగి, ఒక చెయ్యి మెడ కిందా ఒక చెయ్యి నడుము కిందా పెట్టి పిల్లను ఎత్తి భుజాన వేసుకున్నాడు. పిల్ల మూలిగి, వాడి మెడలో ముఖం దూర్చి, మళ్లీ నిద్రలోకి జారింది. వాడు ఊపిరి కూడా సరిగ్గా తీసుకోలేదు. వంటింట్లోంచి వచ్చిన అమ్మ అది చూసి వెనక్కి తిరిగిపోయింది.

నాయన మాత్రల వేళ అయింది. గోడకూ మంచానికీ మధ్య సందులో ఇరుక్కుని అవతలికి పోయాను. నిద్రపోతున్నాడేమో, లేపాలా వద్దా అనుకుంటూ వంగి చూశాను. నాయన కళ్లు బార్లా తెరిచి ఉన్నాయి. నేను నోరు తెరవబోతే వేలు పెదవుల మీద పెట్టి వద్దన్నాడు. గొంతు రాకుండా పెదవులతోనే అడిగాడు, "ఎత్తుకున్నాడా?"

నేను తల ఊపాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. మాత్రలు నా చేతిలోనే ఉండిపోయాయి.

ఆ గోడ ఎందుకో అప్పుడు గానీ నా మట్టి బుర్రకు ఎక్కలేదు. తోటకు పోలేని మనిషి, రచ్చకు పోలేని మనిషి, తనకు చేతనైనంత దూరం పోయాడు. "ఎత్తుకోరా" అని నోటితో చెప్పడానికి ఆయన పెరిగిన తీరు అడ్డమొచ్చింది. నోరు తెరవకుండా కొడుకు చేతులకు సందు ఇచ్చాడు.

మరుసటి రోజు తమ్ముడు మందులకని పుత్తూరు పోయాడు. మరదలు పిల్లకు నీళ్లు పోస్తోంది. నేను గోడ పక్క సందులో స్టూలు వేసుకుని కూర్చున్నాను. క్షమించమని అడగాలని కాదు, నాకు అసలు సంగతి తెలియాలి. "నాయనా, తాత గూడా నీ కోసరం ఇట్ల గోడ తట్టు తిరిగేటోడా?" అని అడిగాను.

"మీ తాతా?" నాయన నవ్వాడు. "ఆయన వాకిట్లో మంచమేసుకోని కూసుంటే, నా సెలవు అయిపొయ్యేదాకా లేసేటోడు కాదు."

"అంటే నువ్వు నన్ను ఎప్పుడూ ఎత్తుకోలేదా?"

"ఎత్తుకున్నా."

"ఎప్పుడు? నాకు గెవనమే లేదే."

"నీకెట్ల ఉంటుంది? నిద్దరపోతా ఉంటివి." గోడ వైపు చూస్తూ తానే చెప్పాడు. "అంతా పండుకున్నంక మీ అమ్మ పక్కలో నించి నిన్ను ఎత్తుకోని మిద్ది మిందికి పోతా ఉంటి. కోడి కూసేదాకా ఆడనే తిరుగుతా ఉంటి. తెల్లారినంక నువ్వు లేసి నన్ను సూసి మీ అమ్మ కొంగులో దాంకుంటివి. రాత్రంతా ఎత్తుకోని తిరిగినోణ్ని నేనే అని నీకు యాడ తెలుసు?"

నాకు ఏడుపు ఆగలేదు. యాభై ఏళ్ల ఆడదాన్ని, అరవైమంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టేదాన్ని, ఆ ఇరుకు సందులో స్టూలు మీద కూర్చుని పిల్లదానిలా ఏడ్చాను. నాకు ఒక తండ్రి ఉన్నాడు, నన్ను ఎత్తుకున్నాడు, అందులో నాకు దక్కింది ఏమీ లేదు. ఆ సంతోషానికి ఏడ్చానో, ఆ కోపానికి ఏడ్చానో ఇప్పటికీ చెప్పలేను. రెండూ ఉన్నాయి. చిన్నప్పుడు నాకు ఒక్క రాత్రి మెలకువ వచ్చి ఉంటే ఏం పోయేది?

"ఎందుకు మా ఏడుస్తావు. ఊరుకో" అన్నాడు నాయన. నా తల అందే దూరంలోనే ఉంది. చెయ్యి కొంచెం లేచింది, మళ్లీ దుప్పటి మీదికి దిగింది. "వాడు గూడా నిద్దరబిడ్డనే ఎత్తుకుంటా ఉండాడు. నేను గోడ తట్టు తిరిగి ఏం లాభం? నిద్దరలో ఎత్తుకునేది మనకే తెలుస్తుంది మా. బిడ్డకు తెలీదు."

ఆ రోజు నేను ఆ నవలల్లోని మగవాళ్లనందరినీ ఒక్కొక్కరిగా తలుచుకున్నాను. గంజి తాగించినవాళ్లు, పెదవి కొరుక్కున్నవాళ్లు. వాళ్లు ఏడ్చినా, ఏడుపు మింగినా, ఎవరో ఒకరు చూస్తూ ఉంటారు, కనీసం చదివేవాళ్లమైనా చూస్తాం. అందరూ నిద్రపోయాక బిడ్డను ఎత్తుకుని మిద్దె మీద తిరిగే మనిషి వాటిలో ఎక్కడా నాకు తగల్లేదు. క్లాసులో నేను చెప్పిన జవాబు తప్పు. సరైన జవాబు నాకింకా తెలియదు.

ఇదంతా తమ్ముడికి చెప్పొద్దన్నాడు నాయన. నేను చెప్పలేదు. వాడు మాత్రం ప్రతి మధ్యాహ్నం పిల్ల నిద్రపోయాక ఎత్తుకునేవాడు. మెలకువ వస్తుందేమో అనిపించగానే చాప మీద పడుకోబెట్టి దూరం జరిగేవాడు. లేచాక పిల్ల వాణ్ని చూసి మరదలి కొంగు పట్టుకునేది. వాడు అడిగింది ఒకే ఒక్కటి, అది జరగకుండానే పోయే రోజు వచ్చేసింది.

రేణిగుంటలో రైలు. ఆటో వాకిట్లోకి వచ్చి నిలబడింది. వాడు యూనిఫాం వేసుకుని, బ్యాగు గుమ్మంలో పెట్టి, నాయన కాళ్లకు మొక్కడానికి వంగాడు. "ఉండు. మంచం ఈ తట్టు తిప్పండి ముందు" అన్నాడు నాయన. ఆటోవాడు హారన్ కొడుతున్నా, నేనూ వాడూ మంచం తిప్పాం. చాలా రోజుల తర్వాత నాయన ముఖం హాల్లోకి తిరిగింది. మరదలు తలుపు దగ్గర పిల్లను చంకనేసుకుని నిలబడి ఉంది. పిల్ల చేతిలో ఫోన్ ఉంది.

"రేయ్, పాపను ఎత్తుకో" అన్నాడు నాయన.

తమ్ముడికి అర్థం కాలేదు. "ఏంది నాయనా?"

"పాపను ఎత్తుకోమంటాండా."

"నీ ముందరా?"

"నా ముందరే. నేను సూడాల."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తమ్ముడు నాయన వైపు, నా వైపు, మళ్లీ నాయన వైపు చూశాడు. మరదలు పిల్ల చేతిలోంచి ఫోన్ తీసేసుకుని, పిల్లను వాడికి అందించింది. వాడు రెండు చేతులా ఎత్తుకున్నాడు. పిల్ల ఒక్క క్షణం వాడి ముఖంలోకి చూసి, విల్లులా వెనక్కి వంగి కేక పెట్టింది. కాళ్లతో తన్నింది. వాడి చెంప గీరింది, యూనిఫాం గుండీ పట్టి లాగింది. ఏడ్చి ఏడ్చి గుక్క పట్టింది.

"ఇట్ల ఇచ్చెయ్ రా, బిడ్డ బిత్తరపోతా ఉండాది" అని అమ్మ చేతులు చాపింది. తమ్ముడి కళ్ల నిండా నీళ్లు. ఓడిపోయినవాడిలా పిల్లను అమ్మ వైపు వంచబోయాడు.

"దించొద్దు!" అన్నాడు నాయన. ఆ గొంతు మా చిన్నప్పటి గొంతు. మేమందరం ఎక్కడివాళ్లం అక్కడ ఆగిపోయాం. నాయన మోచేతి మీద కొంచెం లేచాడు, నొప్పికి ముఖం చిట్లింది, కళ్ల వెంబడి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

"ఏడ్సనీరా" అన్నాడు. "మెలుకువతో ఉండాది గదా."

తమ్ముడు దించలేదు.